ఇరుకు ఖతి (తెలుగు లిపి)

ఇరుకు ఖతి అనగా అక్షరాల ఎత్తును తగ్గించకుండా, వెడల్పును మాత్రం తగ్గించి గీసిన ఖతి. ఆంగ్లంలో దీనిని కండెన్స్‌డ్ టైప్‌ఫేస్ అంటారు. తక్కువ చోటులో ఎక్కువ మాటలు పట్టించవలసిన పత్రికా శీర్షికలు, గోడపత్రికలు, దారి సూచించే పలకలు, బస్సుల బోర్డులు, పట్టికలు, మందుల పెట్టెలు వంటి వాటిలో ఇటువంటి ఖతులను వాడుతారు. ఇరుకు ఖతులలో ఎక్కువ భాగం సాన్స్ సెరిఫ్ తరగతికి చెందినవి. అనగా వాటి గీతల చివర్లలో చిన్న అడ్డుకట్లు (సెరిఫ్‌లు) ఉండవు, గీత మందం దాదాపు అంతటా ఒకే విధంగా ఉంటుంది.

రోమన్ లిపిలో ఇరుకు ఖతులకు రెండు వందల యేళ్ళకు దగ్గరైన చరిత్ర ఉన్నది. తెలుగులో ఇవి చాలా ఆలస్యంగా వచ్చాయి. ఆ లోటును కంప్యూటరులో అక్షరాలను పక్కల నుంచి నొక్కి పూడ్చుకోవడం అలవాటయింది. గుండ్రని అక్షరాలు, పైన గుణింతపు గుర్తులు, కింద వత్తులు కలిగిన తెలుగు లిపికి ఈ అలవాటు చేసిన హాని రోమన్ లిపికి జరిగిన దానికంటే ఎక్కువ. కర్నూలు, కడప జిల్లాల ఊరి పేర్లు ఈ విషయానికి మంచి ఉదాహరణలు.

వెడల్పు కొలమానం

ఒక ఖతి కుటుంబంలో మామూలు వెడల్పును 100 శాతంగా తీసుకుంటే, కొద్దిగా తగ్గించినదాన్ని 87.5 శాతం, ఇరుకు రూపాన్ని 75 శాతం, మరింత ఇరుకును 62.5 శాతం, అతి ఇరుకును 50 శాతంగా లెక్కించడం వెబ్ పేజీల శైలి భాషలో స్థిరపడిన పద్ధతి. ఇవి గుర్తు కోసం పెట్టుకున్న అంకెలే. 75 శాతం అని పేరున్న ఖతిలో ప్రతి అక్షరమూ కచ్చితంగా ముప్పాతిక వెడల్పు ఉండదు. వెడల్పైన అక్షరాలు ఎక్కువగా తగ్గుతాయి, ముందే సన్నగా ఉన్నవి తక్కువగా తగ్గుతాయి. ఏది ఎంత తగ్గాలో తూచి నిర్ణయించడమే ఖతి రూపకర్త చేసే పని.

రోమన్ లిపిలో చరిత్ర

అచ్చులో మొట్టమొదటి సాన్స్ సెరిఫ్ ఖతిని లండన్‌కు చెందిన నాలుగవ విలియం కాస్లన్ 1816లో తన నమూనా పుస్తకంలో చూపాడు. దానిలో పెద్ద బడి అక్షరాలు మాత్రమే ఉన్నాయి. సాన్స్ సెరిఫ్ అన్న పేరును 1832లో విన్సెంట్ ఫిగ్గిన్స్ వాడాడు. 19వ శతాబ్దంలో గోడపత్రికల వ్యాపారం పెరగడంతో, కాగితం వెడల్పు నిండేలా పెద్ద అక్షరాలు కావలసివచ్చి, ఇరుకు రూపాలకు గిరాకీ వచ్చింది. అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ 1903లో ఆల్టర్నేట్ గోథిక్ అనే ఖతిని మూడు వేర్వేరు వెడల్పులలో తయారుచేశాడు. ముద్రాపకుడు వరుస పొడవును చూసుకొని మూడింటిలో ఒకదానిని ఎన్నుకొనేవాడు. జర్మనీ దేశపు డిన్ 1451 ప్రమాణంలో దారి పలకల కోసం మామూలు రాతతో పాటు ఇరుకు రాత కూడా ఉన్నది. ఏడ్రియన్ ఫ్రూటిగర్ 1957లో వెలువరించిన యూనివర్స్ కుటుంబంలో వెడల్పుకు, మందానికి కలిపి అంకెలు ఇచ్చాడు. 55 మామూలు రూపం, 57 దాని ఇరుకు రూపం. 1965లో జెఫ్రీ లీ గీసిన ఇంపాక్ట్ తరువాతి కాలంలో విండోస్ కంప్యూటర్లతో పాటు వచ్చి అందరికీ తెలిసిన ఖతి అయింది.

రోమన్ అక్షరాలలో నిలువు గీతలు ఎక్కువ. హెచ్, ఎన్, ఐ వంటి అక్షరాలను దగ్గరకు జరిపినా గీత గీతగానే ఉంటుంది. అందువల్ల ఆ లిపి ఇరుకుకు తేలికగా లొంగింది.

తెలుగు లిపి స్వభావం

తెలుగు అక్షరాలకు ఆధారం గుండ్రని గిన్నె వంటి రూపం. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు పొడవైన అడ్డగీత గీస్తే ఆకు పీచు వెంట చీలుతుందనీ, అందుకే దక్షిణాది లిపులు గుండ్రనయ్యాయనీ చెబుతారు. గంటంతో గీరిన గీత మందం అంతటా ఒకటే. ఆ లెక్కన సమానమైన మందం గల గీత తెలుగుకు సాన్స్ సెరిఫ్‌తో పాటు వచ్చిన కొత్త విషయం కాదు. కడపలో 1820లో ఉద్యోగంలో చేరి పండితుల చేత ప్రతులు సేకరింపజేసిన సి.పి.బ్రౌన్ చూసిన తాటాకులలోనూ, అంతకు చాలా ముందు రేనాటి చోళుల కాలంలో, సుమారు సా.శ. 575 నాటి కలమళ్ళ శాసనంలోనూ మందం-సన్నం తేడా కోసం చేసిన ప్రయత్నం కనిపించదు. ఆ తేడా తరువాత లోహపు అచ్చుతో వచ్చింది. నిజానికి తెలుగు అక్షరానికి రోమన్ అర్థంలో సెరిఫ్ లేనే లేదు. నోటో ఖతులలో సాన్స్ తెలుగుకు, సెరిఫ్ తెలుగుకు ఉన్న ముఖ్యమైన తేడా గీత మందం మార్పులోనే ఉన్నది. తలకట్టును సెరిఫ్‌గా భావించి తీసివేయడానికి వీలు లేదు, అది అక్షరంలో భాగం.

వెడల్పు తగ్గించేటప్పుడు మూడు ఇబ్బందులు ఎదురవుతాయి.

మొదటిది, అక్షరాల వెడల్పులో ఉన్న తేడా. ర, గ, న, ద వంటివి ఒక గిన్నెతో ముగుస్తాయి. మ, య, ఘ, ఝ వంటివి రెండు మూడు మలుపులు తిరుగుతాయి. మ అక్షరాన్ని గ అంత చోటులో పెట్టాలంటే దాని మలుపుల మధ్య ఖాళీ మూసుకుపోతుంది.

రెండవది, చిన్న గుర్తులతో మాత్రమే వేరయ్యే అక్షరాలు. ద, ధ, థ మధ్య తేడా కింద ఉన్న పొల్లు గీత, లోపలి చుక్క మాత్రమే. ర లోపల చుక్క పెడితే ఠ అవుతుంది. ప, ష, ఫ ఒకే ఆకారపు మార్పులు. బ, భ కూడా అంతే. వు, మ అనే రెండింటికీ కొమ్ము తిరిగే తీరులో తప్ప పెద్ద తేడా లేదు. అక్షరం ఇరుకైనకొద్దీ ఈ గుర్తులకు దొరికే చోటు ముందుగా పోతుంది. బొద్దు అక్షరాలలో ఠ చుక్క నిండిపోయి ముద్దగా కనబడడం దీనికి సాధారణమైన ఉదాహరణ.

మూడవది, నిలువు దొంతర. రోమన్ వరుసలో అక్షరం తరువాత అక్షరం పక్కపక్కన వస్తుంది. తెలుగులో గుడి, ఏత్వం, ఓత్వం పైకి పోతాయి, వత్తులు కిందికి దిగుతాయి. లక్ష్మి అన్న పేరులో క కింద ష, దానితో మ కూడా చేరాలి. రాష్ట్ర అన్న మాటలో ష కింద ట, ర రెండూ రావాలి. కొన్ని వత్తులు అక్షరం కిందనే కూర్చుంటాయి, య వత్తు వంటివి కుడిపక్కకు సాగుతాయి. అక్షరాన్ని ఇరుకు చేస్తే దాని కింద వత్తుకు దొరికే చోటు కూడా ఇరుకవుతుంది. అప్పుడు వత్తును చిన్నది చేయాలి, లేదా కిందికి దించాలి. కిందికి దించితే రెండు వరుసల మధ్య దూరం పెంచక తప్పదు. ఈ విధంగా వెడల్పులో మిగిల్చిన చోటును ఎత్తులో తిరిగి చెల్లించవలసివస్తుంది. రెండు వరుసల శీర్షికలో ఈ చెల్లింపు బాగా తెలుస్తుంది.

నొక్కిన అక్షరం, గీసిన అక్షరం

పేజ్‌మేకర్, క్వార్క్ ఎక్స్‌ప్రెస్, కోరల్ డ్రా వంటి సాఫ్ట్‌వేర్లలో ఏ ఖతినైనా అడ్డంగా కుదించే వీలు ఉన్నది. డి.టి.పి. ఆపరేటర్లు వరుసలో మాటలు పట్టనప్పుడు అక్షరాలను 80 శాతానికో 70 శాతానికో నొక్కడం మామూలు. దీనివలన వచ్చే రూపం ఇరుకు ఖతి కాదు.

దీనికి కారణం లెక్కలోనే తెలుస్తుంది. ఒక ఖతిలో గీత మందం అంతటా 10 పాళ్ళు అనుకుంటే, 70 శాతానికి నొక్కినప్పుడు నిలువుగా పోయే భాగాల మందం 7 పాళ్ళకు తగ్గుతుంది. అడ్డంగా పోయే భాగాలు 10 పాళ్ళుగానే ఉండిపోతాయి. గిన్నె అడుగు బరువుగా, పక్కలు బలహీనంగా కనబడతాయి. తలకట్టు ఏటవాలు మారి నిటారుగా లేస్తుంది. చుక్కలు గుండ్రదనం పోయి గింజల మాదిరి అవుతాయి. సున్న కోడిగుడ్డు ఆకారానికి మారుతుంది. తెలుగులో గీతలన్నీ వంపులే కాబట్టి ఏ అక్షరమూ ఈ మార్పు నుంచి తప్పించుకోలేదు.

గీసిన ఇరుకు ఖతిలో గీత మందాన్ని విడిగా సరిదిద్దుతారు. గిన్నెను కోడిగుడ్డుగా కాక, పక్కలు కొంత నిటారుగా, మూలలు గుండ్రంగా ఉండేటట్టు మార్చి లోపలి ఖాళీని కాపాడుతారు. మ, య వంటి వాటిలో ఒక మలుపును కురచ చేస్తారు. వత్తులను అక్షరం కంటే తక్కువగా కుదిస్తారు. ఇంత పని ఉన్నందువల్లనే ఒక్క బటను నొక్కుతో పోయే పద్ధతి నిలబడింది.

తెలుగులో ఇరుకు ఖతుల రాక

లోహపు అచ్చు కాలంలో తెలుగుకు వేర్వేరు వెడల్పుల ఖతులు అరుదుగా ఉండడానికి కారణం ఖర్చు. రోమన్ లిపికి నూరు లోపు అచ్చులతో ఒక ఖతి తయారవుతుంది. తెలుగుకు గుణింతాలు, వత్తులతో కలిపి వందల అచ్చులు పోతపోయాలి. చిన్న పట్టణాల ముద్రణాలయాలలో రెండు మూడు పరిమాణాల అక్షరాలు ఉంటే గొప్ప. పెద్ద అక్షరాలు కావలసినప్పుడు చిత్రకారుడి చేత రాయించి బ్లాకు చేయించేవారు. సినిమా పోస్టర్ల మీద, గోడల మీద కుంచెతో రాసిన అక్షరాలే ఆ కాలపు ఇరుకు అక్షరాలు. చోటును చూసుకొని ఏ అక్షరాన్ని ఎంత కుదించాలో రాసేవాడి కంటికి తెలుసు. ఆ పనితనం మీద రావలసినంత రచన రాలేదు.

డి.టి.పి. వచ్చిన తరువాత అను, శ్రీలిపి వంటి ఖతులు ముద్రణ రంగాన్ని ఆక్రమించాయి. ఇవి యూనికోడ్‌కు ముందు పద్ధతివి. యూనికోడ్‌లో తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు ఉచితంగా లభించి, తొలినాళ్ళ తెలుగు వెబ్‌కు ఎంతో ఉపయోగపడ్డాయి.

2010లలో సిలికానాంధ్ర సంస్థ స్వేచ్ఛా లైసెన్సుతో అనేక ఖతులను విడుదల చేసింది. వీటిలో పలు ఖతులకు పాత కవుల పేర్లు పెట్టారు. శీర్షికలకు, గోడపత్రికలకు ఉద్దేశించిన బొద్దు ఖతి రామభద్ర. ఆ పేరు గల అయ్యలరాజు రామభద్రకవిని కడప జిల్లా ఒంటిమిట్టతో ముడిపెట్టి చెబుతారు. సూరన్న ఖతికి పేరునిచ్చిన పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. పేర్లకు, అక్షరాల ఆకారాలకు సంబంధమేమీ లేదు. పద్యాలు రాసిన కవి పేరు పతాక శీర్షికల ఖతికి పెట్టడం కొంత వింతగానే ఉన్నా, రాయలసీమ కవుల పేర్లు ఖతుల జాబితాలో రోజూ కనబడడం మాత్రం దీనివల్లనే జరిగింది.

దేవనాగరికి ఇండియన్ టైప్ ఫౌండ్రీ వారి ఖండ్, తేకో వంటి ఇరుకు శీర్షిక ఖతులు ఉచితంగా లభించినప్పుడు వాటిలో తెలుగు లేదు. అదే సంస్థ తెలుగుకు ఇచ్చిన హింద్ గుంటూరు సాన్స్ తరగతికి చెందినదే కానీ మామూలు వెడల్పుది. ఈ లోటును తీర్చినవాటిలో ముఖ్యమైనది అనేక్ తెలుగు. ముంబయికి చెందిన ఏక్ టైప్ బృందం 2022లో తొమ్మిది భారతీయ లిపులకు, రోమన్ లిపికి కలిపి విడుదల చేసిన అనేక్ కుటుంబంలో ఇది భాగం. తెలుగు రూపాన్ని ఓంకార్ భోయిటే గీశాడు. ఇరుకు నుంచి విశాలం వరకు అయిదు వెడల్పులు, సన్నం నుంచి అతి బొద్దు వరకు ఎనిమిది మందాలు, మొత్తం నలభై రూపాలు ఇందులో ఉన్నాయి. ఇది వేరియబుల్ ఖతి కూడా, అనగా ఒకే ఫైలులో వెడల్పును 75 నుంచి 125 శాతం వరకు ఎక్కడైనా నిలుపుకోవచ్చు. గీత మందం దానంతటదే సరిపడుతుంది. నోటో సాన్స్ తెలుగులోనూ వెడల్పు తగ్గించిన రూపాలు ఉన్నాయి. ఇవన్నీ ఉచితంగా దొరికేవే.

కర్నూలు, కడప జిల్లాలలో వాడుక

ఊరి పేర్లను చూస్తే ఇరుకు అక్షరం ఎక్కడ అవసరమో, ఎక్కడ కాదో తెలుస్తుంది. కర్నూలు ఆంగ్లంలో ఏడు అక్షరాలు, తెలుగులో మూడు. కడప మూడు అక్షరాలు, ఒక్క వత్తు కూడా లేదు. జమ్మలమడుగు ఆంగ్లంలో పదమూడు అక్షరాలు, తెలుగులో ఆరు. కోవెలకుంట్ల ఆంగ్లంలో పన్నెండు, తెలుగులో సున్నను కొమ్ముతో కలిపి లెక్కిస్తే అయిదు. కాబట్టి ఒకే వెడల్పు పలక మీద రెండు భాషలు రాసినప్పుడు ముందు చోటు చాలనిది ఆంగ్లానికి. తెలుగుకు కావలసింది ఎత్తు. ప్రొద్దుటూరు అన్న పేరులో నాలుగే అక్షరాలున్నా, ప కింద ర వత్తు, ద కింద ద వత్తు, పైన ఒత్వం, పక్కన కొమ్ములు అన్నీ ఉన్నాయి. ఆళ్ళగడ్డలోనూ, ఎమ్మిగనూరులోనూ వత్తు కిందికి దిగుతుంది. పలకను తయారుచేసేవారు ఆంగ్ల వరుసకు, తెలుగు వరుసకు ఒకే ఎత్తు కేటాయిస్తే, వత్తులు ఇమడడం కోసం తెలుగు అక్షరం మొత్తాన్ని చిన్నది చేయవలసివస్తుంది. పలక మీద తెలుగు పైన ఉన్నా దూరానికి ఆంగ్లమే ముందు కనబడడానికి ఇదొక కారణం.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, కడప, రాయచోటి మీదుగా పోయే జాతీయ రహదారి 40 మీద ఈ తేడా ప్రయాణికుడికి పట్టింపు గల విషయం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో 22 మీటర్లకు పైగా దాటుతుంది. పేరు చదవడానికి ఒక సెకను ఎక్కువ పడితే మలుపు అంత దగ్గరకు వచ్చేస్తుంది. తెలుగు తప్ప మరొక లిపి చదవలేని వాహనదారుడికి నొక్కిన తెలుగు అక్షరం ఉన్నా లేనట్టే.

బస్సుల మీద చేతితో రాసిన రేకు బోర్డులలో ఊరి పేరును బోర్డు నిండా రాసి, మార్గమధ్యపు ఊళ్ళను కింద ఇరుకు అక్షరాలలో రాసే పద్ధతి చాలాకాలం నడిచింది. విద్యుత్ దీపాల బోర్డులు వచ్చిన తరువాత ఇబ్బంది తిరగబడింది. వాటిలో వెడల్పు చాలకపోతే అక్షరాలను కదిలించవచ్చు. కానీ దీపాల అడ్డువరుసల సంఖ్య స్థిరం. పైన గుడి, మధ్య అక్షరం, కింద వత్తు ఆ కొద్ది వరుసలలోనే ఇమడాలి. ఇక్కడ ఇరుకు ఖతి వలన ప్రయోజనం లేదు, పొట్టి వత్తులు గల ఖతి కావాలి.

నిజంగా వెడల్పు చాలని చోటు కార్యాలయాల పేర్లు. జిల్లాల పేర్లు మారినప్పుడల్లా పలకలు కూడా మారాయి. కడప జిల్లాను 2010లో వై.ఎస్.ఆర్. జిల్లాగా, 2025లో వై.ఎస్.ఆర్. కడప జిల్లాగా మార్చారు. మూడు అక్షరాల పేరు ఉన్న చోట పొడి అక్షరాలు, చుక్కలతో కూడిన పొడవైన పేరు వచ్చింది. 2022లో కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లా, కడప జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాకు చేరిన మండలాలు వేరుపడినప్పుడు కార్యాలయాల పలకలన్నీ తిరిగి రాయవలసివచ్చింది. పాత పలక కొలతలోనే కొత్త పేరు పట్టించాలంటే ఇరుకు రూపం తప్పదు. శిలాఫలకాలదీ ఇదే స్థితి. ప్రారంభించిన వారి పేరు, అధ్యక్షుల పేర్లు, అతిథుల పేర్లు, హోదాలు అన్నీ ఒకే రాతి మీద పట్టాలి. రాతిలో చెక్కినప్పుడు దగ్గరదగ్గర గీతల మధ్య మిగిలిన సన్నని గోడ పెచ్చులూడే అవకాశం ఉంటుంది. ముఖ్యంగా పొరలుగా ఉండే కడప బండ, బేతంచెర్ల నాపరాయి వంటి వాటిమీద మలుపులు ఎక్కువున్న అక్షరాలను మరీ ఇరికించి చెక్కడం మంచిది కాదు.

దినపత్రికలలో ఇరుకు అక్షరాల వాడుక జిల్లా పేజీల వల్ల పెరిగింది. ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలను ప్రారంభించింది. 2008 మార్చి 24న సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో మొదలైనప్పుడు వాటిలో కడప, కర్నూలు ఉన్నాయి. చిన్న పేజీలో వరుస వెడల్పు తక్కువ, వార్తల సంఖ్య ఎక్కువ. మండలం పేరు, గ్రామం పేరు, సంఘటన మూడూ ఒక్క వరుస శీర్షికలో రావాలి. పత్రికలు సొంత ఖతులను చేయించుకోవడం మొదలుపెట్టిన తరువాత ఇటువంటి శీర్షికలు కొంత మెరుగుపడ్డాయి. ఫ్లెక్సీలలో మాత్రం నొక్కుడు పద్ధతే సాగుతున్నది. పుట్టినరోజు ఫ్లెక్సీలో నాయకుడి పేరు విశాలంగా, శుభాకాంక్షలు తెలిపేవారి పేర్లు కింద సగం వెడల్పుకు నొక్కి ఉండడం అక్కడి కూడళ్ళలో మామూలు దృశ్యం.

ఎంపికలో గమనించవలసినవి

చోటు చాలనప్పుడు అక్షరాన్ని ఇరుకు చేయడం కంటే మాటలు తగ్గించడం, పేరును రెండు వరుసలుగా విడదీయడం మేలు. తప్పనప్పుడు గీసిన ఇరుకు రూపం గల ఖతిని ఎంచుకోవాలి. అటువంటిది అందుబాటులో లేకపోతే నొక్కుడు 90 శాతానికి తగ్గకుండా చూసుకుంటే గీత మందంలో తేడా కంటికి అంతగా పట్టదు. బొద్దు ఖతి కంటే మధ్యస్థ మందం గల ఖతి ఇరుకులో బాగా చదవబడుతుంది, ఎందుకనగా లోపలి చుక్కలకు, పొల్లు గీతలకు చోటు మిగులుతుంది. పేరా అంతటినీ ఇరుకు ఖతిలో కూర్చడం కంటికి శ్రమ. పాఠ్యపుస్తకాలకు, మందుల వాడకం సూచనలకు అది తగదు.

ఒక ఖతిని పరీక్షించడానికి ద, ధ, థ, ర, ఠ, ప, ష, ఫ, బ, భ, వు, మ అక్షరాలను, లక్ష్మి, రాష్ట్ర, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వంటి మాటలను కావలసిన పరిమాణంలో కాగితం మీద అచ్చువేసి, పలకను చూసే దూరానికి తగిన నిష్పత్తిలో వెనక్కి జరిగి చదివించడం సులభమైన పద్ధతి. ఆ పేర్లు ముందే తెలిసినవారు ఆకారాన్ని బట్టి ఊహించి చదివేస్తారు. అందుచేత ఆ ప్రాంతానికి కొత్తవారి చేత చదివిస్తే ఫలితం సరిగా తెలుస్తుంది.